కొసరు

పొద్దున్నుంచి ముసురు.
ఫోన్లో యనమదుర్రు డ్రైను నీలంగా ఒక గీత,
ఆ గీత నట్టనడుమ బొమ్మ స్కూటరు.
మునగదు, కదలదు.
"మోజేసు దారిలో ఉన్నారు, తొమ్మిది నిమిషాలు."

కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్లు రెండు,
అయిదు కిలోల బియ్యం, ఇంగువ డబ్బా.
డబ్బు ఎప్పుడో కట్టేశాను.
అయినా పటం కింద నుంచి ప్రశ్నొకటి లేచింది:
పదా, ఇరవయ్యా, ముప్పయ్యా,
ఈసారికి వద్దా?

ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి మనదని
వీళ్ళకెవరు చెప్పారో,
తెప్ప రేవుకి రాకముందే అడుగుతున్నారు.

మా ఆయన పేపరు దించకుండానే తీర్పు చెప్పాడు:
"జీతమిచ్చేవాడు ఇచ్చుకోవాలి, మనమెందుకు?
ఇవాళ అలవాటు చేస్తే రేపు హక్కంటారు."
ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే మనిషి.
దసరాకి లారీ డ్రైవర్లు మామూలడిగితే
తనే జేబులో చెయ్యి పెడతాడు.
అది వేరట.

నేనెరిగిన కొసరు అటు నుంచి ఇటు వచ్చేది.
సోలెడు శనగలకి నన్ను పంపితే
గవరయ్య కొలిచి పొట్లం కట్టాక
ఇంత బెల్లం తుంచి అరచేతిలో పెట్టేవాడు.
శనగలు ఇంటివి, చిల్లర అమ్మది,
బెల్లం మాత్రం నాది.
గుమ్మం ఎక్కేసరికి దానికి సాక్ష్యం కూడా ఉండేది కాదు.
ఇప్పుడు కొసరు ఎదురెక్కుతోంది పులసలాగా,
కొన్నవాళ్ళ దగ్గర్నుంచి మోసినవాళ్ళ వైపు.

ముప్పయ్యేళ్ళుగా చీరలకి ఫాల్సు కుడుతున్నాను.
అరవై అంటే యాభై చేతిలో పెట్టి
"పదేగా" అని వెళ్ళినవాళ్ళే అందరూ.
నాకెవరిచ్చారు గనక, అనుకుంటుంటే
వేలు పోయి "వద్దు" మీద ఆగింది.
ఆగిందో, నొక్కిందో.

తలుపు చప్పుడు.
మూడో అంతస్తు, కరెంటు లేదు, లిఫ్టూ లేదు.
సంచి పొడిగా ఉంది, మనిషి ముద్దయిపోయాడు.
తన రెయిన్‌కోటు సరుక్కి తొడిగాడు.
"ఆయ్, నూనె చూసుకోండమ్మా, కారలేదు కదండి?"

భుజాన బ్యాగు పట్టీ తెగి ప్లాస్టిక్ తాడుతో ముడేసి ఉంది.
ఇటివ్వు, అన్నాను. ఎందుకన్నానో.
"టైమైపోద్దండి" అంటూనే ఇచ్చేశాడు.
తొక్కుడు మిషనుకి కరెంటుతో పనేముంది,
లావు సూది మార్చి, నల్లదారం ఎక్కించి
అటు మూడు వరసలు, ఇటు మూడు.

ఈలోగా తెలిసింది,
వీరవాసరం దగ్గర రొయ్యల చెరువు మీద మేత చల్లేవాడట,
తెగులొచ్చి చెరువు ఎత్తేశారట,
బండి వాయిదాలు ఇంకా ఏడున్నాయట.
మనం నొక్కే ఇరవైలన్నీ వారానికోసారి కలిసి పడతాయట.
"ఎవరేసారో తెలవదండి.
దణ్ణం పెడదామన్నా ఎటు తిరగాలో తెలవదు."

ఫోను రెండుసార్లు అరిచింది.
పట్టీ గట్టిగా లాగి చూసుకుని, "ఎంతండి?"
ఏమీ వద్దన్నాను.
"ఊరికే ఎలాగండి" అని
బాబిన్ల డబ్బా కింద పదినోటు దోపి,
మెట్లు దిగుతూ అన్నాడు,
"టీ తాగండమ్మా."

మా ఆయన పేపరు దించాడు.
మళ్ళీ ఎత్తుకున్నాడు.

ముప్పయ్యేళ్ళలో నాకు పడ్డ మొదటి కొసరు.
తడిసిపోయింది, ఇస్త్రీ పెడదామంటే కరెంటు లేదు.
ఇంకా గంటసేపు ఇవ్వచ్చంటోంది ఫోను.
ఇరవై నొక్కితే ఆ పదీ అప్పు తీర్చినట్టుంటుంది,
నొక్కకపోతే కుర్రాడి టీ నేను తాగినట్టుంటుంది.
మోజేసు ఎలా చేశారు, చుక్కలెన్ని, అని కూడా అడుగుతోంది.

బొమ్మ స్కూటరు మళ్ళీ నీళ్ళలో ఉంది,
ఈసారి అవతలి గట్టు వైపు ముఖం పెట్టి.